ప్రమాదం సచిన్‌లో... పడక సూరత్‌లో

విషవాయువైనా, పేలుడైనా ఈ పారిశ్రామికవాడ క్షతగాత్రులకు నగరంలోని ఆస్పత్రులే దిక్కు

2022 జనవరి 6. ఇంకా తెల్లవారలేదు. సూరత్ శివార్లలోని సచిన్ జీఐడీసీ పారిశ్రామికవాడలో కాల్వ పక్కన ఓ ట్యాంకర్ ఆగింది. అందులోని రసాయన వ్యర్థాలను దొంగచాటుగా కాల్వలోకి వదిలారు. వెలువడిన విషవాయువు పక్కనే ఉన్న డైయింగ్ మిల్లును కమ్మేసింది. ఆరుగురు కార్మికులు చనిపోయారు. 20 మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. వారిని చేర్చింది సచిన్‌లో కాదు, సుమారు 15 కి.మీ. అవతల ఉన్న సూరత్ న్యూ సివిల్ ఆస్పత్రిలో.

మరుసటి ఏడాది నవంబరులోనూ అదే పరుగు. ఈథర్ ఇండస్ట్రీస్ కర్మాగారంలో అర్ధరాత్రి దాటాక పేలుడు జరిగి మంటలు చెలరేగాయి. 24 మంది గాయపడ్డారు. ఏడుగురి మృతదేహాలు మరుసటి రోజు గానీ దొరకలేదు. 2024 జులైలో సచిన్ పాలీ గ్రామంలో బహుళ అంతస్తుల భవనం కూలి మరో ఏడుగురు బలయ్యారు.

సచిన్‌లో ఆస్పత్రులు లేకపోలేదు. చిక్కంతా వాటి స్థాయితోనే. ప్రభుత్వ ప్రమాణాల ప్రకారం మైదాన ప్రాంతంలో 1.2 లక్షల జనాభాకు 30 పడకల సామాజిక ఆరోగ్య కేంద్రం ఒకటి ఉండాలి. ప్రసవాలకు, జ్వరాలకు సరిపోయే కొలత అది, రియాక్టర్లకు కాదు. 2020లో సచిన్ సూరత్ నగరపాలక సంస్థలో కలిసింది. చిరునామా మారింది గానీ దూరం తగ్గలేదు.

అలాగని చిన్న ఆస్పత్రి చేయగలిగింది తక్కువేమీ కాదు. ఆమ్లం మీద పడితే దుస్తులు తొలగించి, ధారగా నీళ్లు పోస్తూ చాలాసేపు కడగడమే తొలి చికిత్స. అందుకు కావలసింది నీటి గొట్టమే. విషవాయువు పీల్చినవారికి ఆక్సిజన్, అవసరమైతే గొంతులో గొట్టం వేసి శ్వాస అందించగల చెయ్యి కావాలి. హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటి వాయువు మోతాదు మించితే ముక్కు వాసనే పసిగట్టదు. కాపాడబోయినవారూ అక్కడే కుప్పకూలుతారు. అన్నిటికంటే ముందు వైద్యుడికి తెలియాల్సింది రసాయనం పేరు. కర్మాగారంలోనైతే కాగితాల్లో ఉంటుంది. దొంగచాటుగా పారబోసిన ట్యాంకర్ గురించి ఎవరు చెబుతారు?

అంబులెన్సుల విషయంలో పరిస్థితి కొంత మెరుగు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ 2007లో గుజరాత్‌కు చేరింది. కానీ అంబులెన్సు ఎంత త్వరగా వచ్చినా ఆ 15 కి.మీ. ప్రయాణం తప్పదు.

ఈ పారిశ్రామికవాడలో చెమటోడ్చేవారిలో ఒడిశా, యూపీ, బీహార్ వలస కార్మికులే ఎక్కువ. సూరత్ మరమగ్గాలనే నమ్ముకున్న తెలుగువారి సంఖ్యా చిన్నది కాదు. తెలంగాణ నేత కుటుంబాలు లింబాయత్ ప్రాంతంలో స్థిరపడ్డాయి, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమ పాఠశాలలూ నడుపుతోంది. అత్యవసర విభాగంలో మాత్రం ఎక్కడ నొప్పో చెప్పడానికి రోగి భాషకు పక్కింటివాడే దుబాసి.

కార్మికుల కోసం ఈఎస్ఐ ఉంది. పది మంది లేదా అంతకు మించి పనిచేసే కర్మాగారాలకు అది వర్తిస్తుంది. 2017 నుంచి వేతన పరిమితి రూ.21,000. కాంట్రాక్టరు పేరు నమోదు చేయని కూలీకి ఆ కార్డూ ఉండదు. పోలీసు లాంఛనాల కోసం ఆగకుండా క్షతగాత్రులకు వెంటనే చికిత్స చేయాలని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చిచెప్పింది. చిన్న ఆస్పత్రులు ఆ తీర్పును ధిక్కరించడం లేదు. సెలైన్ పెట్టి, కట్టు కట్టి, ‘సివిల్‌కు తీసుకెళ్లండి’ అని చీటీ రాసిస్తున్నాయి.