సూదికి ముందు ఒక గీత

‘ముక్క తీయకుండానే క్యాన్సర్ గుట్టు విప్పే ఎమ్మారై’. శీర్షిక ముందే ఖాయం చేసి, కథనం గురువారం సాయంత్రానికి కావాలన్నారు మా ఎడిటర్. ఆ మొదటి రెండు మాటలే నాకు మింగుడుపడలేదు. చిత్తూరు పల్లెల్లో రొమ్ములో గడ్డ అంటే చాలు, “సూది పెడితే పాకతాదంట గదా” అంటారు. ముక్క తీసే ఆ సూది పరీక్షతో (బయాప్సీ) జబ్బు ముదురుతుందనడానికి ఆధారం లేదు. ఆ భయానికి మా శీర్షిక వంత పాడటం దేనికి?

తిరగేసిన కాగితాల్లో నన్ను కట్టిపడేసింది 1999 నాటి ఒక జర్మనీ పరిశోధన పత్రం. బాన్ విశ్వవిద్యాలయంలో క్రిస్టియానే కూల్ బృందం 266 రొమ్ము గడ్డలను పరిశీలించింది. చేతి నరంలోకి గాడోలినియం మందు ఎక్కించి, వెంటవెంటనే బొమ్మలు తీస్తారు. మందు గడ్డలోకి ఎంత వేగంగా చేరిందో, ఎంతసేపు నిలిచిందో కాలంతోపాటు గీస్తే ఒక గీత వస్తుంది. క్యాన్సర్ తన తిండి కోసం హడావిడిగా రక్తనాళాలు మొలిపించుకుంటుంది. అవి కారుతుంటాయి. అందుకే మందు దూసుకొచ్చి, అంతే తొందరగా జారిపోతుంది. గీత చివరిదాకా నింపాదిగా ఎక్కుతూ పోయిన గడ్డల్లో క్యాన్సర్ తేలింది నూటికి ఆరు. ఎక్కి, అక్కడే నిలబడిపోయిన గీతల్లో 64. ఎక్కి దిగిపోయిన వాటిలో 87.

అందరూ 87 దగ్గర ఆగుతారు. నా చూపు ఆరు మీదే. నిదానంగా ఎక్కే గీతను చూసి ఇంటికి పంపేస్తే, ఆ ఆరుగురి గతేమిటి? మిగతా వాటిలోనూ అంతే: దిగిపోయిన గీతల్లో నూటికి పదమూడు క్యాన్సర్ కావు.

గీతకు తోడు ఇప్పుడు డిఫ్యూజన్ స్కాన్ వచ్చింది. దీనికి మందు అక్కర్లేదు, కణాల మధ్య నీటి కదలికను కొలుస్తుంది. బ్రహ్మోత్సవాలప్పుడు వైకుంఠం క్యూ కాంప్లెక్సులో మనిషి కదల్లేనట్టే, కణాలు కిక్కిరిసిన గడ్డలో నీరు కదల్లేదు. ఆ కొలతకు పేరు ఏడీసీ, అది తగ్గితే అనుమానం పెరుగుతుంది. ఎమ్మారైలో బయటపడిన అనుమానపు మచ్చల్లో ఈ అంకె చూసుకుంటే సుమారు ఐదో వంతు బయాప్సీలు తప్పించవచ్చని, క్యాన్సర్ ఏదీ చేజారదని 2019లో అమెరికాలోని పది కేంద్రాల అధ్యయనం లెక్కగట్టింది. ఇది చిన్న మాట కాదు, ఒప్పుకుంటాను.

ఇక గడ్డ గుణం చెప్పడం. హార్మోన్లకు లొంగుతుందా, హెర్2 ప్రొటీన్ ఉందా, కణాలు పెరిగే వేగాన్ని చెప్పే కేఐ-67 ఎంత ఉంది? మందులు ఎంచుకునేది వీటిని బట్టే. హార్మోన్లకూ లొంగని, హెర్2 కూడా లేని ‘ట్రిపుల్ నెగెటివ్’ గడ్డ తరచూ గుండ్రంగా, నున్నటి అంచుతో, చుట్టూ వెలిగే వలయంతో కనిపిస్తుంది. మొండి రకమే పైకి సాధువులా కనిపించడం దీని మోసం. బొమ్మలోంచి కంటికందని వందలాది కొలతలు తీసి అంచనా వేసే ‘రేడియోమిక్స్’ ప్రోగ్రాములు ఒక ఆస్పత్రి యంత్రం మీద బాగా పాసై, ఇంకో చోట తడబడుతుంటాయి. చికిత్సకు ముద్ర వేయాల్సింది నేటికీ ముక్క పరీక్షే.

ఎమ్మారై నిజంగా గెలిచేది ఇంకోచోట. ఆపరేషన్‌కు ముందు కీమో ఇస్తుంటే గడ్డ కరుగుతోందా లేదా అన్నది చేత్తో తడిమి చూసేదానికన్నా ఎమ్మారై కొలిచిన ఘనపరిమాణమే మెరుగ్గా పట్టిస్తుందని ‘ఐ-స్పై’ అనే రొమ్ము క్యాన్సర్ చికిత్సా ప్రయోగాల్లో తేలింది. సూది ఒక మూలనే తాకుతుంది. స్కాన్ గడ్డనంతా, అదీ మళ్లీమళ్లీ చూస్తుంది. శీర్షిక ఇక్కడ పెట్టి ఉంటే నాకు పేచీ లేకపోయేది.

చరిత్ర గబగబా: 1977లో మనిషి మీద తొలి స్కాన్, 1980లలో గాడోలినియంతో రొమ్ము బొమ్మలు. మన వైపు పెద్ద జబ్బంటే 1900లో మొదలైన వేలూరు సీఎంసీకే పరుగు. తర్వాత తిరుపతిలో స్విమ్స్, 2022 మేలో టాటా ట్రస్టుల తోడ్పాటుతో అలిపిరి దగ్గర క్యాన్సర్ ఆస్పత్రి.

స్కాన్‌కు వెళ్లేవారికి

బోర్లా పడుకోవాలి, కదలకూడదు. కిడ్నీ జబ్బు, గర్భం, పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పాలి. క్యాన్సర్ ఇంకా తేలనివారికి నెలసరి మొదలైన 7–14 రోజుల మధ్య తీస్తే బొమ్మ స్పష్టంగా వస్తుంది. క్యాన్సర్ తేలినవారు ఆ రోజుల కోసం ఆగక్కర్లేదు. మెట్టెలు, గాజులు, తాళి గొలుసు తీసేయాలి. మెడ బోసిగా ఉంచడం ఇష్టంలేనివారు పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుని వెళ్లొచ్చు. దాంతో యంత్రానికి ఇబ్బంది లేదు.