బోరుకు వచ్చిన ఇంజను - ఇంటిలో మరమ్మతు

అంబాసిడర్ కార్ల నిర్మాణము 2014లో ఆగిపోయినది. అయినను పాత బండ్లు కొన్ని మన పల్లెలలోను, చిన్న పట్టణములలోను ఇంకను తిరుగుచునే యున్నవి. కల్వకుర్తి వంటి ఊరిలో అట్టి బండి విలాసవస్తువు కాదు. అర్ధరాత్రి రోగిని సుమారు 80 కిలోమీటర్ల దూరముననున్న హైదరాబాదునకు చేర్చవలసి వచ్చినపుడు ముంగిట నిలిచిన ఆ కారే దిక్కు. అది నీలిపొగ చిమ్ముచు, నూనె త్రాగుచు, ఎత్తు ఎక్కలేక రొప్పుచున్నచో ఇంజను బోరుకు వచ్చినదందురు. ఇట్టి ఇంజనును ఇంటిలో బాగుచేసికొనవచ్చునా? కొంత చేసికొనవచ్చును, కొంత చేసికొనరాదు. ఆ హద్దు తెలియుటయే ముఖ్యము.

ముందుగా రోగనిర్ణయము. నీలిపొగ నూనె కాలుచున్నదనుటకును, నల్లపొగ పెట్రోలు ఎక్కువైనదనుటకును గుర్తులు. ఇంజను వేడెక్కిన పిదపకూడ తెల్లపొగ ఆగకున్నచో నీరు లోనికి దిగుచున్నదని అనుమానింపవలెను. తరువాత స్పార్కు ప్లగ్గులు తీసి ఒక్కొక్క సిలిండరు ఒత్తిడిని గేజితో కొలువవలెను. ఒత్తిడి తగ్గిన సిలిండరులో చెంచాడు ఇంజను నూనె పోసి మరల కొలిచినపుడు ఒత్తిడి పెరిగినచో దోషము పిస్టను రింగులలోనో, సిలిండరు గోడలోనో యున్నది. పెరగకున్నచో వాల్వులను చూడవలెను. ప్రక్కప్రక్కనున్న రెండు సిలిండర్లలో ఒత్తిడి పడిపోయినచో హెడ్డు గాస్కెట్టు చెడియుండవచ్చును. ఈ పరీక్ష చేయక ఇంజనును విప్పుట, నాడి చూడక మందిచ్చుట వంటిది.

విప్పునపుడు పాటింపవలసిన నియమ మొక్కటే: ఏ భాగము ఎచటిదో అచటికే తిరిగి చేరవలెను. వాల్వులను, పుష్‌రాడ్లను అట్టముక్కకు రంధ్రములు చేసి వరుసగా గ్రుచ్చవలెను. బేరింగు మూతలపై గుర్తులు పెట్టవలెను. ఇంజను బరువు క్వింటాలునకు మించును. దానిని పాత ఇంటి దూలమునకు వ్రేలాడదీయుట ప్రాణాపాయము. అద్దెకు దొరకు చైను కప్పీని, గట్టి ఇనుప స్టాండును వాడవలెను. భాగములను పెట్రోలుతో కడుగరాదు. కిరోసినుతో, ఆరుబయట, పొయ్యికి దూరముగా కడుగవలెను.

సిలిండరు అంతటను సమముగా అరుగదు. పైభాగమున వేడిమి, ఒత్తిడి ఎక్కువ, నూనె తక్కువ. కనుక అచటనే అరుగుదల అధికము. రింగు చేరని అంచున మాత్రము లోహము అరుగక చిన్న గట్టుగా నిలుచును. గోడను చూడక క్రొత్త రింగులు మాత్రము వేసినచో పైరింగు ఆ గట్టునకు తగిలి విరుగవచ్చును. అరుగుదల సుమారు 0.2 మిల్లీమీటర్లకు, అనగా రెండు కాగితముల మందమునకు, మించినచో సామాన్యముగా బోరు చేయింపవలసి యుండును. 1489 ఘన సెంటీమీటర్ల అంబాసిడర్ పెట్రోలు ఇంజనులో సిలిండరు వ్యాసము సుమారు 73 మిల్లీమీటర్లు. ఓవర్‌సైజు పిస్టనులను ముందుగా కొని, వాటిని కూడ లేతు షెడ్డు వారికిచ్చి, వాటి కొలతకే బోరు చేయింపవలెను. బోరు చేయుట, క్రాంకు షాఫ్టును గ్రైండింగు చేయుట ఇంటిపనులు కావు. ఇచట పొదుపు చూపినచో పడిన శ్రమ యంతయు వృథా.

షెడ్డు నుండి వచ్చిన బ్లాకును వేడినీటితో, సబ్బుతో తోమి కడుగవలెను. సానరజను పెట్రోలుతో పోదు. తెల్లగుడ్డతో తుడిచినపుడు గుడ్డ మాయనివరకు కడిగి, ఆరగానే నూనె పూయవలెను. బిగించునపుడు ప్రతి బేరింగునకు నూనె పట్టింపవలెను. హెడ్డు నట్లను నడుమనుండి అంచులకు, పలు విడతలుగా, టార్కు రెంచితో బిగింపవలెను. తొలిసారి నడుపుటకు ముందు ప్లగ్గులు తీసి, నూనె ఒత్తిడి కనబడువరకు స్టార్టరుతో త్రిప్పవలెను. మొదటి 800 కిలోమీటర్లు బరువు వేయక, వేగము మార్చుచు నడిపి, పిదప నూనె మార్చవలెను. అంతవరకు నల్లమల ఘాటు నెక్కి శ్రీశైలము పోవు సంకల్పమును వాయిదా వేయుట మేలు.

ఇంకొక మాట. మన మెట్టప్రాంతపు చల్కనేలల దుమ్ములో ఇసుక హెచ్చు. ఆ ఇసుక గాలితోపాటు లోనికి పోయి సిలిండరును సానరాయివలె అరుగదీయును. గాలి ఫిల్టరును, దాని గొట్టపు అతుకులను సరిచేయక ఇంజనును మాత్రము క్రొత్తది చేసినచో వ్యయమంతయు మరల దుమ్ముపాలగును. తీసిన పాత నూనెను బావిగట్టున పారబోయరాదు. డబ్బాలో పట్టి, పాత నూనె సేకరించువారికి ఈయవలెను. బ్లాకునే మార్చవలసి వచ్చినచో క్రొత్త ఇంజను నంబరును రవాణాశాఖవారి రిజిస్ట్రేషను పత్రములో నమోదు చేయింపవలెను.

ఇంటి యజమానికి కావలసినవి మూడు: కొలుచు ఓపిక, కడుగు శుభ్రత, తనకు చేతకాని పనిని నేర్పరి కప్పగించు వివేకము. ఈ మూడును ఉన్నచో పాత బండి అర్ధరాత్రి పిలిచినను పలుకును.