గ్యాసు దీపపు మాంటిలు

విద్యుద్దీపములు పల్లెలకు రాని దినములలో పెండ్లి యూరేగింపునకును, హరికథకును పెట్రోమాక్సు దీపమే దిక్కు. పంపు కొట్టగానే దీపము బుస్సుమనుటయు, పందిలి నిండ తెల్లని వెలుగు పరచుకొనుటయు మన సోదరీమణులలో పెక్కండ్రకు జ్ఞప్తియందుండును. కిరసనాయిలు ఆవిరియై మండునపుడు పుట్టు నీలి మంటకు వేడి మెండు, వెలుగు స్వల్పము. ఆ వేడికి కాగి వెలుగు నిచ్చునది నడుమ వ్రేలాడు చిన్న వలసంచి. దానినే మాంటిలందురు.

ఆస్ట్రియా దేశీయుడగు కార్ల్ అవుయర్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1885లో దీనిని మొదట చేసెను. అప్పటి వెలుగు ఆకుపచ్చని చాయతో నుండుటచే జనులకు నచ్చలేదు. 1891లో నాయన 99 పాళ్లు థోరియము ఆక్సైడును, ఒక పాలు సీరియము ఆక్సైడును గూర్చెను. థోరియ మొక్కటే యున్నచో వెలుగు మందము. సీరియము హెచ్చినను వెలుగు తగ్గును. కూరలో నుప్పువలె ఆ యొక్క పాలే సరిపాలు!

నూలు వలను థోరియము నైట్రేటు కరగిన నీట నానబెట్టి యారవేయుదురు. మొదటిసారి వెలిగింపగనే నూలు కాలిపోవును. నైట్రేటు ఆక్సైడుగా మారి, వల రూపముననే బూడిద నిలుచును. ఈ బూడిద 3,300 డిగ్రీల సెంటీగ్రేడు వేడికిని గరగదు. వ్రేలు తగిలినచో మాత్రము పొడియగును.

మేము దీనిని వ్రాయుటకు కారణ మా పొడియే. థోరియము రేడియోధార్మిక లోహమని 1898లో జర్మనీయందు ష్మిత్తును, పారిసునందు మేరీ క్యూరీయు వేర్వేరుగా గనుగొనిరి. శేరు థోరియములో నరశేరు తరుగుటకు సుమారు 1,400 కోట్ల సంవత్సరములు పట్టును. దానినుండి వెలువడు ఆల్ఫా కణములు చర్మమును దాటలేవు గాన దీపము చెంత గూర్చున్నవారు భయపడ బనిలేదు. లోనికి బోయినచో సంగతి వేరు. 1930 ప్రాంతమునుండి ఎక్స్‌రే చిత్రములలో రక్తనాళములు స్పష్టముగ గనబడుటకై థోరోట్రాస్టను మందును రోగుల కెక్కించిరి. అదియు థోరియము ఆక్సైడే. అప్పటికి బాధ యేమియు గానరాలేదు. అది బయటికి బోక కాలేయమున నిలిచి, ఇరువది ముప్పది యేండ్లకు పలువురకు గాన్సరు పుట్టించెను. పాపము, నాటి రోగులలో నెందరికి తమకెక్కించిన దేమియో తెలియును? 1950 తరువాతి దశకమున దాని వాడుక యడుగంటెను.

థోరియమునకు మూలమగు మోనజైటు కేరళములోని చవర తీరముననే గాక మన భీమునిపట్టణపు టిసుకలోను గలదు.

ఇప్పుడు పెక్కు మాంటిళ్లయందు థోరియమునకు బదులు యిట్రియము వాడుచున్నారు. అటుకమీది పాత పెట్టెలోని వానియందు థోరియమే యుండవచ్చును. క్రొత్త మాంటిలును మొదటిసారి ఆరుబయట వెలిగింపవలెను. విరిగినదానిని నోటితో నూదరాదు, చీపురుతో నూడ్వరాదు. తడిగుడ్డతో నద్ది తీసి, గుడ్డతో గూడ పొట్లము గట్టి పారవేసి, చేతులు సబ్బుతో గడుగుకొనవలెను. పసిపిల్లల నప్పుడు దరికి రానీయరాదు.