కార్వాన్: కరెంట్ పోతే ఫాల్ట్ ఎక్కడుందో ఎలా పట్టుకుంటారంటే..

గట్టి వాన పడిందంటే కార్వాన్, జియాగూడ గల్లీల్లో వినిపించే ప్రశ్న ఒక్కటే.. కరెంట్ ఎప్పుడొస్తది? ఫాల్ట్ దొరికితేనే! 11 కేవీ ఫీడర్‌లో షార్ట్ అయితే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ట్రిప్ అవుతుంది. కానీ ఏ స్తంభం దగ్గరో అది చెప్పదు. అందుకే లైన్‌మెన్ ఏబీ స్విచ్‌లు తెరిచి లైన్‌ను ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కకు సప్లై ఇచ్చి చూస్తారు. మళ్లీ ట్రిప్ అయిందా.. ఫాల్ట్ అందులోనే.

అండర్‌గ్రౌండ్ కేబుల్‌తోనే అసలు తిప్పలు. కేబుల్‌లోకి పల్స్ పంపి, అది ఫాల్ట్‌కు తగిలి వెనక్కొచ్చే టైమ్ కొలుస్తారు. పల్స్ మైక్రోసెకనుకు సుమారు 160 మీటర్లు వెళ్తుంది. 10 మైక్రోసెకన్లలో తిరిగొస్తే ఫాల్ట్ దాదాపు 800 మీటర్ల దూరంలో ఉన్నట్టు. అయితే అది కేబుల్ పొడవు, రోడ్డు దూరం కాదు. అందుకే హైవోల్టేజ్ షాట్లు ఇస్తూ నేలపై మైక్ పెట్టి వింటారు. 'ఠప్' మన్న చోటే తవ్వకం.

తెగిన తీగ పొడి రోడ్డుపై పడితే మాత్రం డేంజర్. పారే కరెంట్ తక్కువ కాబట్టి బ్రేకర్ ట్రిప్ కాకపోవచ్చు, తీగ లైవ్‌గానే ఉండొచ్చు. దగ్గరికెళ్లకుండా టీజీఎస్పీడీసీఎల్ నంబర్ 1912కి ఫోన్ చేయండి. దూరం నుంచే స్తంభం నంబర్ కనిపిస్తే అదీ చెప్పండి.