పంపకమునకు ముందటి ఆట

ఆదివారము నాడు ఆబిడ్స్‌లోని దుకాణములు మూసియుండగా వాని మెట్లమీదను, ముందున్న కాలిబాటలమీదను పఱచి అమ్ము పాత పుస్తకముల నడుమ ఒక పూట గడుపుట నాకు చిరకాలపు అలవాటు. మొన్నటి ఆదివారము నా మేనల్లుడును తోడు వచ్చెను. లక్డీకాపూల్‌లో ఒక చిన్న గది అద్దెకు తీసికొని ఉద్యోగపరీక్షలకు చదువుకొనుచున్న పిల్లవాడు. ఎండ ముదిరిన పిమ్మట నాంపల్లి స్టేషనుకు పోవు దారిలో ఒక ఇరానీ హోటలులో కూర్చుండి రెండు చాయ్‌లు చెప్పితిమి. నేను కొన్న పుస్తకముల దుమ్ము దులుపుకొనుచుండగా, అతడు ఫోను తీసి, తెఱమీద నిలువుగా బారులు తీరియున్న 30 కార్డుల పట్టికను పైకిని క్రిందికిని జరుపుచు, చాయ్ మీద మీగడ కట్టువఱకు ఒక్క ముక్కను గుఱించియే ఆలోచించుచుండెను. ఆ ముక్క పేరు డెత్‌వింగ్. అది యొక డ్రాగన్. బల్లమీదికి దిగినంతనే అక్కడనున్న తక్కిన సేననంతటిని నాశనము చేయునది. కడకు అతడు దానిని వ్రేలితో ప్రక్కకు లాగి తీసివేసి, ఏ గొప్పయు లేని చిన్న సైనికుని ఒకనిని ఆ చోట పెట్టెను.

"అంతటి బలమైన దానిని తీసివేసితివేమిరా?" అంటిని.

"బలమైనదే మామా. గానీ అది ఆడే టైముకు ఆట అయిపోతది. అప్పటిదాక చేతిల ఊకెనే కూసుంటది."

ఆ మాట నా మనస్సులో నాటుకొనిపోయినది. పెండ్లివారి విడిదులలోను, రైలుపెట్టెలలోను, కరెంటు పోయిన వేసవి రాత్రులలోను పేకాట చూచుచు పెరిగిన నాకు, పేక కలిపి, కోసి, పంచిన పిమ్మటనే ఆట ఆరంభమగునని నమ్మకము. పేకలో ముక్కలెన్నియో, అవి యేవియో తరతరములుగా నిశ్చితమైన విషయము: ఇంగ్లీషు పేకలో 52, మన నిర్మల్ చిత్రకారులు కూడ చేతితో రంగులు దిద్దిన గుండ్రని గంజీఫాలలో మొగలాయి పద్ధతి పేకకు 96, దశావతారముల పేకకు 120. పేక అందఱిదియు, చేతికి వచ్చిన ముక్కలు మాత్రమే ఎవరివి వారివి. ఈ నియమమును తలక్రిందులు చేసినవాడు రిచర్డ్ గార్ఫీల్డ్ అను అమెరికా గణితవేత్త. 1993లో వెలువడిన అతని ‘మ్యాజిక్: ద గ్యాదరింగ్’ అను ఆటలో ప్రతి ఆటగాడును వేలకొలది ముక్కలలోనుండి తనకు నచ్చినవానిని ఏరుకొని, కనీసము 60 ముక్కల పేకను తానే కూర్చుకొని, ఎదుటివాడు కూర్చుకొనిన పేకతో తలపడును. ఆ పేకకే డెక్ అని పేరు. ఆ పద్ధతియే క్రమముగా కాగితమును విడిచి కంప్యూటరులోనికిని ఫోనులోనికిని ప్రవేశించి, 2014లో ‘హార్త్‌స్టోన్’గాను, 2024లో ‘పోకెమాన్ టీసీజీ పాకెట్’గాను రూపాంతరములు పొందినది. మొదటిదానిలో డెక్కునకు 30 ముక్కలు, రెండవదానిలో 20. ఒకే ముక్క రెంటికి మించి పెట్టరాదు. హార్త్‌స్టోన్‌లో లెజెండరీ యను మేటి ముక్కలైనచో ఒక్కటే.

ఇక వెల సంగతి చెప్పవలెను. డెక్కు కూర్చుటలోని కష్టమంతయు అక్కడనే యున్నది. నా మేనల్లుడు ఆడునది హార్త్‌స్టోన్. అందు ప్రతి ముక్కకును ఒక వెల కలదు. ఆ వెలను మానా అను శక్తితో చెల్లింపవలెను. (మానా యనునది సంస్కృతమువలె వినబడినను పసిఫిక్ ద్వీపవాసుల భాషలనుండి వచ్చిన మాట.) మొదటి వంతున ఆటగానికి ఒక మానా, రెండవ వంతున రెండు, ఇట్లు పది వఱకు పెరుగును. డెత్‌వింగ్ వెల పది. అనగా పదవ వంతు వచ్చువఱకు అది సామాన్యముగా కదలలేదు. ఆఱవ యేడవ వంతునకే ప్రత్యర్థి ప్రాణము తీయవలెనని కూర్చిన డెక్కులో అట్టి మహావీరుడు భారమే గాని బలము కాదు. నా మేనల్లుడు చాయ్ చల్లార్చుకొని చేసిన నిర్ణయము ఇదియే.

ఈ సత్యము 1996లో అట్లాంటా నగరమున జరిగిన ఒక మ్యాజిక్ పోటీలో తొలుత అందఱి కంటను బడినది. పాల్ స్లై అను ఆటగాడు, జే ష్నైడర్ అను మిత్రుని ఆలోచనప్రకారము కూర్చిన డెక్కుతో అందు రెండవ స్థానము పొందెను. అందలి ముక్కలు చాలవఱకు ఇతరులు చేతబట్టుటకును ఇష్టపడని సామాన్యములు. అయినను అవి వెలల వరుసలో మెట్లవలె అమర్చబడియుండుటచేత, ఏ వంతుననైనను చేతనున్న శక్తి వ్యర్థము కాక, ప్రత్యర్థి తన ఘనమైన ముక్కలు దించుకొను లోపలనే ఓటమి అంచునకు నెట్టబడుచుండెను. అప్పటినుండి వెలల వరుసను పటముగా గీచి చూచుకొనుట డెక్కు కూర్చువారి ప్రథమ కర్తవ్యమైనది. మానా కర్వ్ అని వారందురు. నేడు ఫోనులోని ఆటలే ఆ పటమును పట్టిక ప్రక్కన చిన్న స్తంభములుగా గీచి చూపుచున్నవి.

మేనల్లుడు తన నోటుబుక్కు తీసి నాకు చూపిన లెక్క నొకదానిని పాఠకుల ముందుంచుచున్నాను. ఇంటర్మీడియెట్ గణితము చదివినవారెవరైనను సరిచూచుకొనవచ్చును. హార్త్‌స్టోన్‌లో మొదట ఆడువానికి ఆరంభమున 3 ముక్కలు వచ్చును. వంతునకొకటి చొప్పున తీసికొనగా రెండవ వంతునకు మొత్తము 5 ముక్కలు చూచియుండును. 30 ముక్కల డెక్కులో రెండు మానాల ముక్కలు 4 మాత్రమే యున్నచో, ఆ అయిదింటిలో ఒకటైనను దొరకు అవకాశము నూటికి 54. అవి 6 అయినచో 70. 8 అయినచో దాదాపు 82. ఆరంభమున అక్కఱలేని ముక్కలను ఒక్కసారి మార్చుకొను వీలు కలదు గనుక నిజమైన అవకాశము ఇంతకంటెను ఎక్కువయే. అదృష్టము తొలగిపోలేదు, 8 ముక్కలు పెట్టుకొన్నవానికిని నూటికి పదునెనిమిది మార్లు చేయి వట్టిదగుచునే యుండును. అయితే నాలుగు పెట్టుకొన్నవాడు తన రెండవ వంతును బొమ్మాబొరుసునకు అప్పగించినాడు. ఎనిమిది పెట్టుకొన్నవాడు అప్పగింపలేదు. పేక కలుపుట యంత్రము చేతిలోనిదైనను, ఆ కలుపులో ఏమి యుండవలెనో నిర్ణయించుట మనిషి చేతిలోనిది.

అదృష్టమునకును నైపుణ్యమునకును గల ఈ వివాదము హైదరాబాదువారికి క్రొత్తది కాదు. 1963 మే 4వ తేదీన సికింద్రాబాదులోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుమీద పోలీసులు దాడిచేసి, సొమ్ము పెట్టి రమ్మీ ఆడుచున్నవారిని నిజాము కాలపు 1305 ఫసలీ నాటి హైదరాబాదు జూద నిషేధ చట్టము క్రింద పట్టుకొనిరి. క్రింది న్యాయస్థానమున శిక్ష పడెను. హైకోర్టు దానిని కొట్టివేసెను. ప్రభుత్వము సుప్రీముకోర్టువఱకు పోయెను. 1967 నవంబరు 22న జస్టిస్ హిదాయతుల్లా చెప్పిన తీర్పు నేటికిని దేశమంతట ఉదాహరింపబడుచున్నది: రమ్మీ మూడుముక్కలాటవలె కేవలము అదృష్టముపై ఆధారపడినది కాదనియు, పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొనుటకును, ఏ ముక్కను ఉంచుకొని దేనిని విడువవలెనో తెలియుటకును నైపుణ్యము కావలెననియు, కావున అది ప్రధానముగా నైపుణ్యపు ఆటయేననియు ఆ తీర్పు సారాంశము. ఉంచుకొనుట, విడుచుట అను ఆ రెండు మాటలే డెక్కు కూర్చుటకును మూలము. రమ్మీలో వాని పని పంపకము తరువాత మొదలగును; ఇక్కడ పంపకమునకు ముందే, ఇంటిలో కూర్చుండియే, సగము ముగియుచున్నది. ఆ కారణముచేత నైపుణ్యము పాలు ఇక్కడ మఱింత హెచ్చని నా దృఢమైన అభిప్రాయము.

డెక్కు కూర్చుటలో క్రొత్తవారు చేయు పెద్ద తప్పు, తమకున్న ఉత్తమమైన ముక్కలన్నిటిని ఒక్కచోట చేర్చుట. విస్తరి నిండ బొబ్బట్లే వడ్డించినచో అది విందు కాజాలదు. త్వరగా ముగించు దూకుడు డెక్కు వేఱు, ఎదుటివాని ప్రతి యెత్తును అణచుచు ఆటను దీర్ఘము చేయు కంట్రోల్ డెక్కు వేఱు, రెండు మూడు నిర్దిష్టమైన ముక్కలు కలిసి వచ్చువఱకు కాచుకొని ఒక్క దెబ్బతో పడవేయు కాంబో డెక్కు వేఱు. ఏ డెక్కు ఎట్లు గెలువదలచినదో ఒక్క వాక్యములో చెప్పగలిగి, ఆ వాక్యమునకు తోడ్పడని ముక్కను, అది యెంత ప్రియమైనదైనను, ఎంత ధనము పోసి సంపాదించినదైనను, తీసివేయగలవాడే పోటీలకు అర్హుడు.

అయినను డెక్కు ఒంటరిగా మంచిది కాదు, చెడ్డది కాదు. ఆ వారము ఇతరులు దేనిని ఎక్కువగా ఆడుచున్నారో దానినిబట్టి దాని విలువ మాఱుచుండును. ఆటగాండ్రు ఆ వాతావరణమునకు మెటా అని పేరు పెట్టిరి. దూకుడు డెక్కులు ప్రబలిన వారమున ప్రాణము నిలుపుకొను రెండు ముక్కలు అధికముగా పెట్టవలెను. మందగమనపు డెక్కులు ప్రబలిన వారమున అవియే దండుగ. పెద్ద పోటీలలో ఒక్క డెక్కు చాలదు. అనేక డెక్కులు తెచ్చి, వానిలో ఒకదానిని ఎదుటివాడు నిషేధింపగా మిగిలినవానితో గెలువవలసిన పద్ధతులును కలవు. 2018లో జకార్తా ఆసియా క్రీడలలో ఈ-స్పోర్ట్స్‌ను ప్రదర్శనక్రీడగా చేర్చినప్పుడు, గుజరాతులోని భుజ్ పట్టణమునుండి వెళ్లిన తీర్థ్ మెహతా హార్త్‌స్టోన్‌లో కాంస్యపతకము గెలిచెను. పతకముల పట్టికలో దానిని లెక్కింపలేదు గాని, భుజ్ వంటి ఊరినుండి ఒక యువకుడు ఆసియాలో మూడవవాడగుట, మన నాంపల్లిలో చాయ్ త్రాగుచు డెక్కు సవరించుకొను పిల్లవానికి ఎంతటి ధైర్యమో నేను కన్నులారా చూచితిని. అతడు మెహతా పేరు చెప్పునప్పుడు ఫోనును బల్లమీద పెట్టి చెప్పెను.

అతని నోటుబుక్కులో ఆ లెక్క తరువాతి పుటలన్నియు గీతలు గీచిన పట్టికలు. ఎదుటివాడు ఏ డెక్కు తెచ్చెను, ఎవరు ముందు ఆడిరి, గెలుపా ఓటమియా అను మూడు గడులు. వాని ప్రక్కనున్న నాలుగవ గడిమీద ‘మిగిలింది’ అని వ్రాసియున్నది. ఓడిపోయిన ప్రతి ఆటలోను కడపటి క్షణమున తన చేతిలో ఆడకుండ మిగిలిపోయిన ముక్కల పేర్లు ఆ గడిలో నింపినాడు. ముప్పది ఆటల పుట తిప్పి చూచితిని: డెత్‌వింగ్ పేరు తొమ్మిది మార్లున్నది. ఒక్క ఓటమికి బెదరి డెక్కు మార్చువాడు అదృష్టమునకు జవాబు చెప్పుచున్నాడు. ముప్పది ఆటలు వ్రాసికొని ఒక్క ముక్క మార్చినవాడు తన తప్పునకు జవాబు చెప్పుచున్నాడు. ఆ గడిని చూచిన పిమ్మట అతని చదువు విషయమై నాకున్న దిగులు కొంత తగ్గినది.

అయితే ధనము విషయమై కొంత కఠినముగా చెప్పవలసియున్నది. హార్త్‌స్టోన్‌లో ముక్కలు 5 చొప్పున మూసిన ప్యాకెట్లలో వచ్చును. లోపల ఏమున్నదో తెఱచువఱకు తెలియదు. వలదనుకొన్న ముక్కను పొడిచేసి, ఆ పొడితో కోరిన ముక్కను చేసికొనవచ్చును గాని, లెజెండరీ ముక్క నొకదానిని పొడిచేసినచో వచ్చునది 400, క్రొత్తది చేయుటకు కావలసినది 1600. నాలుగింటిని బూడిద చేసినగాని ఒకటి చేతికి రాదు. పైగా పోటీలకు వాడు స్టాండర్డ్ పద్ధతిలో ఏటేట పాత ముక్కలు ప్రక్కకు తప్పుకొనును. ఆటలో నైపుణ్యమే ప్రధానమైనను, ప్యాకెట్టు తెఱచుటలో మాత్రము నైపుణ్యము రవ్వంతయు లేదు. అది శుద్ధముగా అదృష్టమే. పందెపు సొమ్ము మాట వేఱు: తెలంగాణలో 2017లోనే చట్టమును సవరించి, పందెమున్నచోట నైపుణ్యపు ఆటకును మినహాయింపు తీసివేసిరి, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టము ఈ-స్పోర్ట్స్‌ను గుర్తించి, సొమ్ము పెట్టి ఆడు ఆన్‌లైన్ ఆటలను దేశమంతట నిషేధించినది. ప్యాకెట్టు కొనుట పందెము కాకపోవచ్చును. కాని నెలజీతము మీద బ్రతుకు ఇంటిలో దాని బరువు తక్కువదేమియు కాదు.

కావున ఈ ఆట ఆడు యువకులకు నా విన్నపము ఒక్కటే. క్రొత్త ప్యాకెట్టు కొనుటకు తండ్రి ఫోనునో తల్లి కార్డునో అడుగుటకు ముందు, ఉన్న ముక్కలతోనే ఒక డెక్కు కూర్చి, ముప్పది ఆటలు ఆడి, ఓడినప్పుడెల్ల చేతిలో మిగిలిన ముక్క పేరు ఒక కాగితముమీద వ్రాసికొనుడు.