నీళ్లు దిగితే కరెంటు... ఎక్కితే ఖర్చు!

'ఇన్ని నీళ్లున్నాయి కదా, ఇక్కడ కరెంటు తీయొచ్చుగా?'

బోయినపల్లి మండలం మాన్వాడ దగ్గర మధ్యమానేరు కట్ట మీద నిలబడితే పిల్లలే కాదు, పెద్దలూ అడగాల్సిన ప్రశ్నే. 25 గేట్లు, 25 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టే జలాశయం మరి!

కానీ టర్బైన్‌కి నిలవున్న నీళ్లతో పనిలేదు. ఎంత ఎత్తు నుంచి పడుతున్నాయి, సెకనుకి ఎన్ని పడుతున్నాయి, ఏడాదిలో ఎన్నాళ్లు పడుతున్నాయి... దానికి కావాల్సింది ఆ లెక్క. సెకనుకి వెయ్యి లీటర్లు 10 మీటర్ల పైనుంచి పడితే, నష్టాలు పోను వచ్చేది సుమారు 80 కిలోవాట్లు.

ఒకప్పుడు అంతకన్నా తక్కువే గొప్ప. 1882 సెప్టెంబరు 30న అమెరికాలోని ఆపిల్టన్‌లో ఓ కాగితం మిల్లు యజమాని ఫాక్స్ నది నీళ్లతో డైనమో తిప్పి, మిల్లులోనూ ఇంట్లోనూ దీపాలు వెలిగించాడు. మన దగ్గర ప్రైవేటువాళ్లు చిన్న జలవిద్యుత్ కేంద్రాలకు ఎక్కువగా కాలువలనే ఎంచుకున్నారు. ఏటికి అడ్డంగా సొంత ఆనకట్ట కట్టేకన్నా, సర్కారు తవ్విన కాలువ కిందికి దిగేచోట టర్బైన్ పెట్టుకోవడం చవక. పెద్దపల్లి ప్రాంతంలో కాకతీయ కాలువ మీద జెన్‌కో పెట్టిన బుల్లి కేంద్రాల కిటుకూ అదే.

మానేరు దగ్గరికొచ్చేసరికి కథ తిరగబడింది. వానలు పోతే ఏట్లో నీళ్లుండవు. అందుకే 2019 ఆగస్టులో గోదావరి నీళ్లను ఎత్తి ఇటు మళ్లించడం మొదలుపెట్టారు. దారిలో రామడుగు మండలం లక్ష్మీపూర్ దగ్గర భూగర్భంలో 7 పంపులున్నాయి. ఒక్కోటి 139 మెగావాట్లు. నీళ్లను వంద మీటర్లకు పైగా లేపాలి. కేంద్ర ప్రభుత్వ లెక్కలో 25 మెగావాట్ల వరకే 'చిన్న' జలవిద్యుత్. అలాంటి కేంద్రాలు ఐదు నిండుగా తిరిగినా ఇక్కడ ఒక్క పంపుకి చాలవు!

తమాషా ఏంటంటే, కరెంటుకి సొంతదారులు ఈ ప్రాంతంలోనే ఉన్నారు. సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం... అందరూ పిలిచే పేరు 'సెస్'. 1970 నుంచి టోకున కరెంటు కొని పంచుతోంది. డైరెక్టర్లను సభ్యులే ఎన్నుకుంటారు. బోయినపల్లీ దాని పరిధిలోదే. అంటే వీధిలో స్తంభం, దానిమీది తీగ సభ్యుల సొత్తు.

నీళ్ల సంగతి వేరు. వాటికోసం ఈ మండలంలో నీలోజిపల్లి, కొదురుపాక, వరదవెల్లి లాంటి ఊళ్లు ఇళ్లూ పొలాలూ వదులుకున్నాయి. వరదవెల్లి గుట్టమీది దత్తాత్రేయస్వామి గుడి మిగిలింది. జలాశయం నిండితే అక్కడికి పడవలోనే వెళ్లాలి.