ఆర్డరు కాగితం ఏదీ?

ఎక్కడ యుద్ధం వార్త వచ్చినా వాట్సాప్‌లో ఒక ప్రశ్న తిరుగుతుంది: "చంపమని పెద్దాయన సంతకం పెట్టిన కాగితం చూపించండి. లేకపోతే ఆయనకేం సంబంధం?" వినడానికి లాయరు మాటలాగే ఉంటుంది. దీన్ని నమ్మే చాలామంది బాధితులు పైవాళ్లకు రాయడం మానేస్తారు, రాసి ఏం లాభం అని.

1945 ఫిబ్రవరిలో జపాన్ బలగాలు ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో ఊచకోతకు దిగాయి. నగరంలో పోరు ముగిసేసరికి దాదాపు లక్షమంది పౌరులు పోయారు. వాళ్ల సేనాని జనరల్ యమషిత అప్పుడు దూరంగా బగియో కొండల్లో ఉన్నాడు. అమెరికన్లు ఆయన మీద పెట్టిన అభియోగం 'చంపమన్నాడు' అని కాదు, తన కింది బలగాలను అదుపు చేసే బాధ్యత వదిలేశాడని. 1946 ఫిబ్రవరి 23న ఉరి తీశారు. సంతకం పెట్టిన కాగితం లేదని శిక్ష ఆగలేదు.

ఈ రోజున అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు, సైనికాధికారి విషయంలో చూసేది ఇది: ఆ మనుషులు నిజంగా నీ చేతికింద ఉన్నారా, జరుగుతున్నది నీకు తెలుసా లేక తెలిసి ఉండాల్సిందా, తెలిశాక ఆపడానికీ శిక్షించడానికీ చేయగలిగింది చేశావా?

మంత్రులకు ఇది వర్తించదంటారు. 1948లో ఉరికంబమెక్కిన హిరోటా కోకి జపాన్ విదేశాంగ మంత్రిగా పనిచేసినవాడే. పైవాడు దొరికితే కిందివాడు బయటపడతాడా? పడడు, ఇద్దరూ బోనెక్కుతారు.

"ఏమీ తెలియనివాణ్ణి కూడా ఉరి తీస్తారు" అనేవాళ్ల మాటలో మాత్రం కొంత నిజముంది, ఒప్పుకోక తప్పదు. మనీలాలో యమషితకు కబుర్లు సరిగా అందలేదు, అక్కడి నౌకాదళం ఆయన వెనక్కి రమ్మన్నా రాలేదు. అమెరికా సుప్రీంకోర్టులోనే ఇద్దరు జడ్జీలు ఆ శిక్షను తప్పుపట్టారు. తర్వాతి కోర్టులు రుజువు ప్రమాణాలు బిగించాయి. కాంగో నేత బెంబాకు 18 ఏళ్ల శిక్ష పడ్డా, 2018లో అప్పీలులో కొట్టేశారు.

మన దేశం అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఒప్పందంలో చేరలేదు. భారతీయ న్యాయ సంహితలోనూ ఈ సూత్రం విడిగా లేదు. అలాగని పైవాడు ఎప్పుడూ క్షేమమని కాదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 4వ సెక్షన్ కింద, ఆ చట్టం ప్రకారం చేయాల్సిన విధిని కావాలని వదిలేసిన (ఎస్సీ, ఎస్టీ కాని) ప్రభుత్వోద్యోగికి ఆరు నెలల నుంచి ఏడాది జైలు. 'కావాలని' అని రుజువు కావాలంటే ఆయనకు తెలుసని చూపించాలి.

కాబట్టి ఫిర్యాదు స్టేషన్లో ఇచ్చి ఊరుకోకండి, ఎస్పీకి కూడా ఇవ్వండి. ఇన్‌వార్డులో గుమాస్తా "అక్కడ పెట్టి వెళ్లండి, సార్ చూస్తారు" అంటాడు. మీ దగ్గరున్న రెండో కాపీ మీద తేదీతో రబ్బరు స్టాంపు పడేదాకా కౌంటరు దగ్గర్నుంచి కదలకండి.